ఎనభైయేడవ వంతు జగత్తు



సంస్కృతంలో ‘మా’ అనే ధాతువునకు కొలుచుట అని అర్థం. ఆ ఒక్క ధాతువు నుండి ఎన్ని గంభీరశబ్దాలు ప్రభవించాయో చూడండి. కొలత మానము. యథార్థజ్ఞానానికి సాధనమైనది ప్రమాణము. ఒకదానిని ఎదుట నిలుపుకొని, దానికి అనుగుణంగా కొలిచి చేసినది ప్రతిమ. అపరిమితమైన వస్తువును పరిమితమైనదిగా చూపించే శక్తిని పెద్దలు మాయ అన్నారు; దేనిచేత కొలవబడుతున్నదో అది మాయ అని ఒక సంప్రదాయ వ్యుత్పత్తి. ఏ కొలతకూ లొంగని పరమాత్మను అప్రమేయుడని స్తుతించారు. ఈ శబ్దాలను నేను ముప్పై యేళ్లు పాఠశాలలోను, ఉద్యోగ విరమణానంతరం మా సత్సంగంలోను బోధిస్తూ వచ్చాను. వాటి అర్థం చేతివేళ్లకు సైతం తెలిసినది మాత్రం, ఇంట్లో ఒక చిన్న నమూనా రైలుమార్గాన్ని నిర్మించిన యేడాదిలోనే.

మాది జహీరాబాద్. వికారాబాద్ నుండి బీదర్ మీదుగా పర్లీ వైద్యనాథానికి పోయే రైలుమార్గం మా ఊరి గుండా సాగుతుంది. నిజాం రాజ్యకాలంలో వేసిన మార్గమది. దాని అంతంలోని పర్లీ క్షేత్రాన్ని ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటిగా ఎందరో భక్తులు సేవిస్తారు. మా తండ్రిగారు ఈ మార్గంలో కోహీర్ వైపు కీమాన్‌గా పనిచేశారు. కీమాన్ అంటే ఎవరో ఈనాటి సాధకులలో చాలామందికి తెలియకపోవచ్చు. భుజం మీద సుత్తి, స్పానరు, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, పట్టాలపై పెట్టే పటాసులు తీసుకొని, తనకు నియమించిన దూరాన్ని ప్రతిదినం కాలినడకన పరిశీలించే కార్మికుడతడు. పట్టాను పట్టి ఉంచే కీలలలో వదులైనదానిని బిగిస్తాడు, ఊడినదానిని తిరిగి కొడతాడు, విరిగిన పట్టా కనిపిస్తే బండిని ఆపుతాడు. వెళ్లేటప్పుడు ఒక పట్టాను చూస్తూ వెళతాడు, వచ్చేటప్పుడు రెండవ పట్టాను చూస్తూ వస్తాడు. తండ్రిగారి బీటు సుమారు 6 కిలోమీటర్లు. ఎండకు, వానకు, పండుగకు ఆ నడక ఆగినట్లు నాకు జ్ఞాపకం లేదు.

ఎనభై రెండవ యేట ఆయన జారిపడి తుంటి ఎముక విరిగింది. అప్పటికే నీటికాసుల వల్ల చూపు చాలా భాగం పోయింది. నడక పోయిన తరువాత క్రమంగా మాట పోయింది. మాట్లాడే శక్తి లేక కాదు, మాట్లాడవలసిన పని లేక. పెట్టినది తినేవారు, అడిగితే తల ఊపేవారు. నేను దగ్గర కూర్చుండి భాగవతం చదివితే వినేవారు గాని, ఆ వినడంలో ఆయన లేరు. దేహమే నీవు కాదని వేలసార్లు చెప్పిన నాకు, దేహం కదలక మనస్సు ఆరిపోతున్న ఆ వృద్ధునికి ఏమి చెప్పాలో తోచలేదు.

ఒకనాడు నా మనుమడు తనకు ఎవరో కానుకగా ఇచ్చిన చిన్న రైలును నట్టింట్లో నేల మీద నడుపుతున్నాడు. పట్టాల అతుకుల మీద చక్రాలు పడినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడు. మంచం మీద తండ్రిగారు తల తిప్పారు. “ఏ లైను మీద పోతున్నది?” అన్నారు. ఎన్నో వారాల తరువాత ఆయన తనంతట తాను పలికిన మాట అది. ఆ మాటకు సమాధానంగా మా ఇంట్లో ఒక లైను వేయాలని నిశ్చయించుకున్నాను.

ఈ విద్యకు పాశ్చాత్య దేశాలలో దీర్ఘచరిత్ర ఉన్నది. జర్మనీలోని మార్క్‌లిన్ సంస్థ 1891లోనే పట్టాలను విస్తరించుకుంటూ పోగలిగే కీ రైలుబొమ్మలను లైప్‌జిగ్ సంతలో ప్రదర్శించినది. మన దేశంలో పుణెలో జోషిగారి సూక్ష్మ రైలు ప్రదర్శనశాల 1998 నుండి నడుస్తున్నది. లోకంలో మిక్కిలి ప్రచారంలో ఉన్న ప్రమాణం హెచ్‌ఓ అనేది. అందులో ప్రతి వస్తువు అసలుదానిలో 87వ వంతు. నేను ఆ ప్రమాణాన్నే స్వీకరించాను. వడ్రంగి చేత 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకను బల్ల మీద బిగింపించాను. కొలబద్ద పట్టుకున్న మరుక్షణం నుండి మాయాశాస్త్రం మొదలైనది.

ముందుగా స్థలం. ఆ పలక పొడవును 87తో గుణిస్తే అసలు లోకంలో 212 మీటర్లు మాత్రమే. అంటే మా స్టేషన్‌లోని ఒక నిడుపాటి రైలుబండి కూడా దాని మీద పూర్తిగా నిలువదు. తండ్రిగారు నడిచిన 6 కిలోమీటర్లను నిజమైన నిష్పత్తిలో చూపాలంటే 69 మీటర్ల పొడవు గల బల్ల కావాలి. తరువాత వంపు. మన బ్రాడ్‌గేజ్ మార్గాలలో అనుమతించే అతి కఠినమైన వంపుకు వ్యాసార్ధం 175 మీటర్లు. దాని 87వ వంతు 2 మీటర్లు. నా పలక మీద వేసిన వంపు 18 అంగుళాలది. అసలు లోకంలో అది 40 మీటర్ల వంపు. అటువంటి దాని మీద ఏ ఎక్స్‌ప్రెస్ బండీ తిరగలేదు. ఇక పట్టాల నడిమి దూరం. మన దేశపు బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు 19 మిల్లీమీటర్ల పైచిలుకు. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా ఖండంలోని 1435 మిల్లీమీటర్ల మార్గానికి సరిపోయే కొలత. కనుక మన రైలుకు పరదేశపు పట్టా.

స్థలం అబద్ధం, వంపు అబద్ధం, వెడల్పు అబద్ధం. ఇన్ని అబద్ధాల మధ్య జహీరాబాద్ ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్న నన్ను చాలా దినాలు బాధించింది. శిల్పి విగ్రహాన్ని చెక్కేటప్పుడు తాళమానాన్ని నిష్ఠగా పాటిస్తాడు. కాని ఏ తాళమానంతో చెక్కినా మూడడుగుల శిల విశ్వరూపానికి ఎన్నవ వంతు? ప్రతిమ కొలతలో సరిపోవడం వల్ల ప్రతిమ కాలేదు. మరి దేనివల్ల అయినది?

సమాధానం మట్టిలో మొదలైనది. నేలను చూపడానికి రంగులు కొనవలసి ఉండగా, మా పొలం గట్టు నుండి ఒక బుట్టెడు ఎర్రమట్టి తెప్పించాను. జహీరాబాద్ పరిసరాల నేల ఎర్రని జంబిటిక నేల. అల్లానికి, ఆలుగడ్డకు, చెరకుకు ప్రసిద్ధి. ఆ మట్టిని ఎండబెట్టి, పలుచని గుడ్డతో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసిన పలకపై చల్లాను. చీపురు పుల్లలతో చెరకుతోట, రంగువేసిన రంపపుపొట్టుతో పచ్చిక, ఎండిన వేరుపోగులతో కోహీర్ జామచెట్లు అమరాయి. ఇవన్నీ కొలతకు లోబడి చిన్నవైనవే. కాని మట్టి రంగు చిన్నది కాలేదు. పలక మీద ఉన్న ఎరుపు పొలంలోని ఎరుపులో 87వ వంతు కాదు. అదే ఎరుపు, అంతే ఎరుపు. కిటికీలోంచి పడిన ఉదయకాంతి కూడా తగ్గలేదు. స్టేషన్ మీద పడే సూర్యుడే ఆ అట్టపెట్టె స్టేషన్ మీద పడ్డాడు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన మృత్తికాదృష్టాంతం నాకు నోటికి వచ్చు. కుండ చిన్నది కావచ్చు, పెద్దది కావచ్చు. ఆ భేదమంతా నామరూపాలది, మట్టిది కాదు. నోటికి వచ్చిన ఆ మాట ఆనాడు అరచేతికి అంటుకున్నది.

అప్పుడు నా పని తేటపడినది. కొలతకు లొంగేవాటిని ఎలాగైనా కుదించవచ్చు. కుదించడానికి వీలులేనిది ఏదో తెలుసుకొని, దానిని మాత్రం పోగొట్టకుండా నిలపాలి. తండ్రిగారి లైనులో కుదించడానికి వీలులేనిది ఏది?

ఆయననే అడిగాను. “బాపూ, లైను మీద నీకు బాగా యాది ఉన్నదేంది?” అన్నాను. ఆయన చాలాసేపు ఊరకున్నారు. తరువాత, “అతుకులు” అన్నారు.

పూర్వం పట్టాలు 13 మీటర్ల ముక్కలుగా ఉండేవి. రెండు ముక్కల నడుమ ఎండకు ఇనుము వ్యాకోచించడానికి కొంత సందు విడిచి, ఇరువైపుల ఫిష్‌ప్లేట్లు వేసి బోల్టులు బిగించేవారు. రైలుకు ఉన్న ఆ లయబద్ధమైన చప్పుడంతా ఆ సందులదే. ఇప్పుడు పట్టాలను వరుసగా అతికివేస్తారు గనుక ఆ చప్పుడు దాదాపు లోపించింది. కీమాన్‌కు అతుకే ప్రాణం. ప్రమాదం పొంచి ఉండే తావు కూడా అదే. 13 మీటర్లలో 87వ వంతు 15 సెంటీమీటర్లు. నేను సన్నని ఆకురాయి తీసుకొని, నా పట్టాలపై 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున చిన్న గాటు పెట్టాను. రెండు వంపులు, రెండు తిన్నని భాగాలు కలిసి నా మార్గం చుట్టుకొలత ఇంచుమించు 5 మీటర్ల 70 సెంటీమీటర్లు. ఒక్కొక్క పట్టాకు 38 అతుకులు వచ్చాయి.

బల్లకు దగ్గరగా చక్రాల కుర్చీలో తండ్రిగారిని కూర్చుండబెట్టి, ఆయన కుడిచేతిని పట్టాపై ఉంచాను. చూపుడువేలు, నడిమివేలు రెండింటినీ కాళ్లవలె చేసి ఆయన నడిపించారు. దూరంగా ఉన్న భాగం అందనప్పుడు మనుమడు కుర్చీని కొద్దికొద్దిగా తిప్పేవాడు. మొదటి అతుకు వేలికి తగిలినప్పుడు ఆయన ముఖంలో కలిగిన మార్పును వర్ణించను, వర్ణిస్తే తగ్గిపోతుంది. ఒక చుట్టు పూర్తయిన తరువాత, “ఎన్ని అతుకులు?” అని అడిగారు. 38 అన్నాను. పెదవులతో లెక్క కట్టుకొని, “పన్నెండు చుట్లు. మీదికెల్లి అయిదు అతుకులు” అన్నారు. నేను కాగితం మీద వేసి చూశాను. 6000 మీటర్లను 13తో భాగిస్తే 461 నిండు పట్టాలు. 38ని 12తో గుణిస్తే 456. పైన అయిదు. ఆయనకు తన బీటులోని పట్టాల సంఖ్య నిద్రలోనూ తెలుసు.

ఆ మరునాటి నుండి అది దినచర్య అయినది. ఉదయం కాఫీ తాగి ‘డ్యూటీ’కి వచ్చేవారు. వెలుపలి పట్టాపై పన్నెండు చుట్లు, అయిదు అతుకులు. కొంత విశ్రాంతి. తరువాత లోపలి పట్టాపై వెనుకకు తిరిగి అన్నే చుట్లు. శివాలయంలో సోమసూత్రాన్ని దాటక, వెళ్లిన దారినే మరలివచ్చే ప్రదక్షిణ విధానం నాకు స్ఫురించేది. ఆ పరిశీలన ముగిసిన తరువాతనే మనుమడు బండి నడపాలి. అది ఆయన పెట్టిన నియమం. మాట తిరిగి వచ్చింది. బొగ్గు ఇంజన్ల కాలం, వానాకాలపు కోతలు, గ్యాంగులో తనతో పనిచేసినవారి ఇంటి సంగతులు ఒక్కొక్కటిగా వెలువడ్డాయి. ఒక్కొక్క అతుకుకు ఒక్కొక్క జ్ఞాపకం కట్టి ఉన్నట్లు తోచేది.

మా సత్సంగంలో వయోవృద్ధుడైన ఒక మిత్రుడు ఇది చూచి ఒకమాట అన్నారు. “జగత్తే మిథ్య అని చెప్పే మీరు, మిథ్యలో ఇంకొక మిథ్య చేశారు. అవసానదశలో ఉన్న మనిషిని భ్రమలో పెట్టడం న్యాయమా? ఆయన చేత నామస్మరణ చేయించరాదా?” ప్రశ్న ధర్మబద్ధమైనది. నేనూ రాత్రులు దానినే తలచుకొనేవాడిని.

బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయంలో ప్రతీకోపాసన గూర్చిన విచారం ఉన్నది. అల్పమైన వస్తువుపై ఉత్కృష్టదృష్టి నిలుపవచ్చు. ఉత్కృష్టమైనదానిని అల్పంగా చూడరాదు అన్నది అక్కడి నిర్ణయం. శాలగ్రామంలో విష్ణువును భావిస్తాము. శాలగ్రామం శిల అని తెలియక కాదు, తెలిసియే. తెలియక ఒకదానిని వేరొకటిగా గ్రహిస్తే అది భ్రమ. తెలిసి, భావనతో నిలిపితే అది ఉపాసన. తండ్రిగారిది వీటిలో ఏది? ధైర్యం చేసి ఆయననే అడిగాను. “బాపూ, ఇది బొమ్మ లైను. ఎరుకేనా?” ఆయన నవ్వారు. “పట్టా బొమ్మదే బిడ్డా. నడక బొమ్మది గాదు గద” అన్నారు.

ఆ తరువాత నేను ఆ మిత్రునికి వేరే సమాధానం వెతుకలేదు.

ఆ నడక బొమ్మది కాదని రుజువైన దినం ఒకటి వచ్చింది. వేసవి సెలవులు. మనుమని స్నేహితులు నలుగురు బండి చూడడానికి వచ్చారు. పరిశీలన త్వరగా ముగించమని పిల్లలు తొందరపెడుతున్నారు. ఏడవ చుట్టులో కిటికీ వైపు వంపు దగ్గర తండ్రిగారి వేలు ఆగింది. ముందుకు, వెనుకకు రెండుమార్లు తడిమారు. “గీడ లూజున్నది. బండి ఇడువకుండ్రి. ఎర్రజెండ పెట్టుండ్రి” అన్నారు. నేను భూతద్దంతో చూశాను. అది నేను ఆకురాయితో పెట్టిన గాటు కాదు. రెండు పట్టాలను కలిపే నిజమైన జాయినరు ఎండవేడికి సడలి, ఒక పట్టా వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నది. పిల్లలు కోరిన వేగంతో బండి ఆ వంపులోకి వస్తే బల్ల అంచు దాటి నేలపై పడేది. కళ్లున్న మేము ఆరుగురమూ చూడనిదానిని, చూపులేని ఆయన వేలు చూచినది. పిల్లలు నిశ్శబ్దమయ్యారు. మనుమడు ఎర్రకాగితపు ముక్కను అగ్గిపుల్లకు అంటించి ఆ చోట గుచ్చాడు.

ఆ రాత్రి నాకు విషయం స్పష్టమైనది. 6 కిలోమీటర్ల దారిని కుదించవచ్చు, ఇనుమును కుదించవచ్చు, బండిని కుదించవచ్చు. అప్రమత్తతను కుదించడానికి ఏ కొలబద్దా లేదు. వేలాది ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడిన పట్టాపై ఆయన నిలిపిన అవధానం ఎంతో, ఒక బాలుని ఆటబండి పోయే పట్టాపై నిలిపిన అవధానమూ అంతే. అందులో 87వ వంతు లేదు. శ్రద్ధ ఉంటే పూర్ణంగా ఉంటుంది, లేకుంటే లేదు. కర్మ పెద్దదా చిన్నదా అన్నది దృశ్యపు కొలత. ఆ కొలత ద్రష్టకు అంటదు. భగవద్గీత కర్మయోగమని ఉపదేశించినది దీనినే. నేను దానిని వ్యాఖ్యానించాను, ఆయన నడిచారు.

మా ఊరికి సమీపంలోనే ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు వెలసి ఉన్నాడు. ఆద్యంతాలు లేని జ్యోతిస్స్తంభాన్ని బ్రహ్మ, విష్ణువు కొలవబోయిన పురాణకథ మీకు తెలిసినదే. కొసను చూచితినని బ్రహ్మ పలికిన అసత్యానికి మొగలిపువ్వు సాక్ష్యం చెప్పి, శివపూజకు బహిష్కృతమైనది. అట్టి మొగలిపువ్వుతోనే ఝరాసంగంలో స్వామికి అర్చన జరుగుతుందని ప్రసిద్ధి. చిన్ననాటి నుండి వింటున్న ఈ సంగతిలో నాకు ఇప్పుడు ఒక అర్థం తోస్తున్నది. కొలతకు దొరకనివానిని కొలిచితినని చెప్పడమే దోషం. కొలతలో ఉన్న వస్తువును వినయంతో ఆయన పాదాల వద్ద ఉంచితే, అబద్ధమాడిన పువ్వు సైతం పూజాద్రవ్యమవుతుంది. నా పలక మీది వంకర కొలతలన్నీ అటువంటి మొగలిరేకులే అనుకుంటాను.

వర్షాకాలం దాటిన తరువాత తండ్రిగారి శక్తి తగ్గసాగింది. పన్నెండు చుట్లు ఎనిమిదయ్యాయి, ఎనిమిది మూడయ్యాయి. ఒకనాడు మనుమని పిలిచి, వాని వేలిని తన వేలితో పట్టుకొని ఒక చుట్టు నడిపించారు. “అతుకు మీద తొందర పడొద్దు” అని మాత్రం చెప్పారు. మరునాటి నుండి వాడే పరిశీలించి వచ్చి, “లైను బాగున్నది తాతా” అని చెప్పేవాడు. ఆయన తల ఊపేవారు. ఈ తల ఊపడంలో ఆయన ఉన్నారు. కార్తిక మాసంలో ఒక తెల్లవారుజామున పరమపదించారు.

కర్మలు ముగిసిన తరువాత, ఆ పలకకు అద్దాల పెట్టె చేయించి స్మారకంగా భద్రపరచమని బంధువులు సూచించారు. ఆ ప్రేమను కాదనలేను. అయినా మన సంప్రదాయంలో పార్థివలింగాన్ని మట్టితో చేసి, ఆవాహన చేసి, అర్చించి, ఆనాడే ఉద్వాసన చెప్పి నీటిలో కలుపుతారు. బతుకమ్మకు ముందు మా ఆడపిల్లలు పుట్టమట్టితో బొడ్డెమ్మను నిలిపి, ఆడి పాడి, చివరకు చెరువులో విడుస్తారు. ప్రతిమ పని ప్రతిమ చేసింది. ఇక దానిని నిలుపుకుంటే మనకు మిగిలేది కొలతే. మమకారం కొలతనే పట్టుకుంటుంది. మనుమడు, నేను కలిసి పట్టాలను జాగ్రత్తగా విప్పి పెట్టెలో పెట్టాము. ఎర్రమట్టిని తడిపి, గోకి, జిగురు పట్టినంత మేర వేరుచేసి, మిగిలినదానిని పొలం గట్టున, తెచ్చిన చోటనే పోశాము. గాలికి ఎగిరి అది తన ఎరుపులో కలిసిపోయింది. ఏది పలక మీదిది, ఏది పొలానిది అని చెప్పడానికి గుర్తు మిగలలేదు.

పట్టాలు మాత్రం ఉన్నాయి. వచ్చే వేసవికి వాడు తన లైను వేసుకుంటానంటున్నాడు. ఈసారి ఏ ఊరు చూపాలో వాడే నిర్ణయిస్తాడు. అతుకుల గాట్లు పట్టాలపై అలాగే ఉన్నాయి. బండి నడిపే ముందు వాని వేలు వాటిని తడుముతుంది.

సాధకమిత్రులారా, మీ ఇళ్లలోనూ పని ఉడిగిపోయి మాట ఉడిగిన పెద్దలు ఉండవచ్చు. వారికి శాస్త్రం వినిపించండి, నామం వినిపించండి. దానితోపాటు, వారు జీవితమంతా ఏ పని మీద ప్రాణం నిలిపారో కనుక్కోండి. మగ్గమైతే ఒక మూరెడు నేత, వంటయితే గుప్పెడు గింజల ఏరివేత, సేద్యమయితే ఒక కుండీలో నాలుగు మొలకలు వారి చేతికి అందించండి. వస్తువు ఎంత చిన్నదైనా ఫరవాలేదు. అది వారి చేతికి అందాలి, అందులో నిజమైన పని ఉండాలి, ఆ పనిని మరొకరు నిజంగా నమ్ముకొని ఉండాలి. మా ఇంట్లో ఆ నమ్మకం ఒక పిల్లవానిది. తాత చూడనిదే బండి కదిపేవాడు కాదు. మిగిలిన కొలతలన్నీ తప్పినా, ఆ ఒక్కటి తప్పలేదు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.